ఏరు గుహలో... ఓడ సముద్రంలో!

తెల్లారేసరికి ఓడ బెలీజ్ తీరానికి దూరంగా లంగరేసి ఉంటుంది. సాయంత్రానికి మళ్లీ బయల్దేరిపోతుంది. మధ్యలో దొరికే ఆ కాసిన్ని గంటల్లోనే బోటెక్కి, బస్సెక్కి, అడవిలో నడిచి, కొండ కింద పారే నదిలో ట్యూబు మీద తేలి, మళ్లీ ఓడ చేరాలి. కరీబియన్ క్రూయిజుల్లో మంచి గిరాకీ ఉన్న ‘కేవ్ ట్యూబింగ్’ విశేషాలివి.

నెత్తిన హెల్మెట్, దానికో దీపం, ఒంటి మీద లైఫ్ జాకెట్, కింద గాలి నింపిన ట్యూబు. సరంజామా అంతే. ఇంజిను లేదు, తెడ్డు లేదు, స్టీరింగు అంతకన్నా లేదు. ఏరు ఎంత నెమ్మదిగా పారితే అంత నెమ్మదిగా, ఎటు వంపు తిరిగితే అటు. వ్యవసాయ బావిలో లారీ ట్యూబు పట్టుకుని ఈత నేర్చుకున్న తరానికి ఆ కూర్చునే తీరు ఇట్టే పట్టుబడుతుంది. కాకపోతే ఇక్కడ తల పైన ఆకాశం ఉండదు. సున్నపురాయి కప్పు ఉంటుంది, దానికి గబ్బిలాలు వేలాడుతుంటాయి. నాలుగు మలుపులు తిరిగేసరికి వెనకాల మిగిలిన వెలుతురూ పోతుంది.

మధ్య అమెరికా దేశమైన బెలీజ్‌లో కేవ్స్ బ్రాంచ్ అనే చిన్న నది ఇలా కొండల కిందికి దూరి, అడవిలో తేలి, మళ్లీ ఇంకో కొండ కిందికి దూరుతూ పోతుంది. చివరికి సిబున్ నదిలో కలిసి కరీబియన్ సముద్రం చేరుతుంది. ఆ గుహలున్న చోటుని ‘నోహోచ్ చెన్ కేవ్స్ బ్రాంచ్’ పురావస్తు రక్షిత ప్రాంతంగా ప్రకటించి అక్కడి ప్రభుత్వం చూసుకుంటోంది. సరదాగా తేలే చోటుకి పురావస్తు శాఖతో పనేమిటంటారా? ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఓడ దిగాలి కదా!

మనవాళ్లకు ఎలా తెలిసింది?

బెలీజ్ చాలా చిన్న దేశం. పైన మెక్సికో, పక్కన గ్వాటెమాలా. విస్తీర్ణం తెలంగాణలో అయిదో వంతు, జనాభా నాలుగు లక్షల చిల్లర. 1973 వరకూ దాని పేరు బ్రిటిష్ హోండురస్. 1981 సెప్టెంబరు 21న స్వాతంత్య్రం వచ్చింది. మధ్య అమెరికాలో ఇంగ్లిష్ అధికార భాషగా ఉన్న దేశం ఇదొక్కటే కాబట్టి గైడు చెప్పేది అర్థం కాదన్న బెంగ అక్కర్లేదు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పనిగట్టుకుని బెలీజ్ వెళ్లేవాళ్లు తక్కువ. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు మాత్రం అది దగ్గర దారే. హ్యూస్టన్ పక్కనే ఉన్న గాల్వెస్టన్ రేవు నుంచీ, ఫ్లోరిడాలోని మయామీ లాంటి రేవుల నుంచీ వారం రోజుల ‘వెస్టర్న్ కరీబియన్’ ఓడలు బయల్దేరతాయి. మెక్సికోలోని కోజుమెల్, హోండురస్‌లోని రోఆటన్, మధ్యలో బెలీజ్. థాంక్స్‌గివింగ్ సెలవులకో స్ప్రింగ్ బ్రేక్‌కో పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిసి మూడు తరాలూ ఒకే ఓడ ఎక్కేస్తున్నాయి. వంట పనుండదు, కారు నడపక్కర్లేదు, పెట్టె ఒక్కసారి సర్దుకుంటే చాలు. ఇక అసలు చర్చ ఏ రేవులో ఏం చూడాలన్న దగ్గర మొదలవుతుంది.

‘నాన్నా, నీకు ఈత రాదుగా?’ అని కొడుకు, ‘ట్యూబులో కూర్చోవడానికి ఈతెందుకురా!’ అని తండ్రి.

తండ్రి మాటలో నిజం ఉంది. ఈత రానివాళ్లనూ తీసుకెళ్తారు. కానీ అసలు పరీక్ష నీళ్లలో కాదు, అంతకు ముందు నడకలో ఉంటుంది.

దూరంగా ఎందుకు ఆగుతుంది?

కోజుమెల్‌లో ఓడ దిగితే నేరుగా జెట్టీ మీదే కాలు పెడతాం. బెలీజ్‌లో ఓడ ఆగే బెలీజ్ సిటీలో అలా కుదరదు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ తర్వాత ప్రపంచంలో అంత పెద్ద పగడపు గోడ ఈ ప్రాంతంలోనే ఉంది. మెక్సికో నుంచి హోండురస్ దాకా సాగే ఆ గోడలో బెలీజ్ భాగాన్ని యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2009లో ‘ప్రమాదంలో ఉన్న వారసత్వం’ అని హెచ్చరించింది. సముద్రంలో చమురు తవ్వకాలను నిలిపేస్తూ బెలీజ్ చట్టం చేశాక 2018లో ఆ హెచ్చరికను తీసేసింది. ఆ గోడకీ తీరానికీ మధ్య సముద్రం బాగా లోతు తక్కువ. వేల మందిని మోసే భారీ నౌక అందులోకి వచ్చిందంటే అడుగు నేలకు తగులుతుంది. అందుకే కొన్ని మైళ్ల దూరంలోనే లంగరు వేస్తారు. అక్కడి నుంచి టెండర్లనే బోట్లు విడతలు విడతలుగా జనాన్ని ఒడ్డుకు చేరవేస్తాయి. ఒక్క వైపు ప్రయాణానికే ఇరవై నిమిషాల నుంచి అరగంట. ముందుగా దిగే వంతు ఎవరిదంటే, ఓడలోనే టూరు కొనుక్కున్నవాళ్లది. మిగతావాళ్లు నంబరు చీటీ తీసుకుని పిలుపు కోసం కూర్చోవాలి.

ఒడ్డున బోటు దిగే చోటు 2001లో మొదలైన ‘టూరిజం విలేజ్’. చుట్టూ ప్రహరీ, లోపల నగల దుకాణాలు, రమ్ము సీసాలు, టీ షర్టులు. చాలామందికి బెలీజ్ సిటీ అంటే ఆ ప్రహరీ లోపలి భాగమే. టూరు బోర్డులు పట్టుకున్న మనుషులు అక్కడే ఎదురవుతారు.

అసలు కొనేది దేన్ని?

ఓడ అమ్మే ఈ ఒడ్డు యాత్రను ‘షోర్ ఎక్స్‌కర్షన్’ అంటారు. అదే గుహకు, అదే నదికి, అవే ట్యూబులతో తీసుకెళ్లే స్థానిక సంస్థలు బయట చాలానే ఉన్నాయి. వాళ్ల ధర తక్కువ, గుంపు చిన్నది, హడావుడీ తక్కువే. ఓడ మాత్రం సొంతంగా బస్సులూ గైడ్లూ పెట్టుకోదు. ఆ ఊరి సంస్థతోనే ఒప్పందం చేసుకుని, తన వాటా కలిపి అమ్ముతుంది. మరి ఎక్కువ డబ్బు దేనికి?

గడియారానికి. ఓడ ద్వారా కొన్న టూరు దారిలో ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఒకవేళ ఆగలేకపోతే తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవాళ్ల విషయంలో ఆ పూచీ లేదు. 2024 మార్చిలో ఆఫ్రికా పక్కనున్న సావో టోమే ద్వీపంలో సొంతంగా టూరుకి వెళ్లిన ఎనిమిది మంది ఆలస్యంగా వచ్చారు. ఓడ ఇంకా లంగరేసే ఉన్నా వాళ్లను ఎక్కించుకోలేదు. దేశాలు దాటుకుంటూ వెంటపడి, చివరికి సెనెగల్ రాజధాని డకార్‌లో ఓడ అందుకున్నారు. ఆ వార్త చదివాక క్రూయిజు ప్రయాణికులు వాచీ చూసుకోవడం ఇంకాస్త ఎక్కువైంది.

మిగతా రేవుల్లో ఆలస్యమైనవాళ్లు జెట్టీ మీద పరుగులు పెట్టడం, పైనున్నవాళ్లు ఈలలేస్తూ ఫోన్లలో తీయడం మామూలే. బెలీజ్‌లో పరుగెత్తడానికీ వీల్లేదు. చివరి టెండర్ బోటు వెళ్లిపోయిందంటే ఓడ మైళ్ల దూరంలో కనిపిస్తూనే ఉంటుంది, చేరే దారి ఉండదు.

ఇంకో చిక్కు ఫోనుతో. బెలీజ్‌లో ఏడాది పొడవునా ఒకటే సమయం. అమెరికాలో వేసవికి గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు. అంటే ఎండాకాలంలో టెక్సస్ సమయం బెలీజ్ కంటే గంట ముందుంటుంది. చాలా ఓడలు బయల్దేరిన రేవు సమయాన్నే పాటిస్తాయి. ఒడ్డున సిగ్నల్ తగలగానే ఫోను తనంతట తానే స్థానిక సమయానికి మారిపోతుంది. ఫోనులో మూడైతే ఓడలో నాలుగన్నమాట! అందుకే క్రూయిజు అలవాటున్నవాళ్లు ఆ రోజు మామూలు చేతి గడియారం పెట్టుకుని, దాన్ని ఓడ సమయానికే ఉంచేస్తారు.

బస్సు కిటికీలోంచి ఒక దేశం

బెలీజ్ సిటీ నుంచి గుహల దగ్గరకు గంటకు పైగా ప్రయాణం. రోడ్డు పేరు జార్జ్ ప్రైస్ హైవే. స్వతంత్ర బెలీజ్ తొలి ప్రధాని పేరది. దారిలో హాటీవిల్ అనే ఊరొస్తుంది. 1961లో ‘హాటీ’ తుపాను బెలీజ్ సిటీని ఊడ్చేసినప్పుడు నిలువ నీడ కోల్పోయినవాళ్ల కోసం వెలిసిన ఊరది, ఆ తుపాను పేరే దానికి మిగిలింది. ఆ దెబ్బతోనే రాజధానిని సముద్రానికి దూరంగా జరపాలనుకున్నారు. 1970లో బెల్మోపాన్ రాజధాని అయింది. తుపాన్ల కష్టం తెలిసిన కోస్తావాళ్లకు ఈ రెండు ఊళ్ల కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకాస్త ముందుకెళ్తే బెలీజ్ జూ. 1983లో ఒక డాక్యుమెంటరీ షూటింగ్ ముగిశాక మిగిలిపోయిన జంతువులను ఏం చేయాలో తోచక, వాటిని చూసుకునే షారన్ మటోలా అనే అమెరికన్ మహిళ రోడ్డు పక్కనే బోర్డు పెట్టి మొదలుపెట్టిన జూ ఇది. బెలీజ్ జాతీయ జంతువైన టపీర్‌నీ, జాతీయ పక్షి టూకాన్‌నీ అక్కడి స్కూలు పిల్లలు దగ్గర్నుంచి చూసేది ఇందులోనే.

మైకు పట్టుకున్న గైడు జనాల గురించీ చెబుతాడు. క్రియోల్‌లు, మెస్టిజోలు, గరిఫూనాలు, ప్రాచీన కాలం నుంచీ ఆ నేల మీదున్న మాయా తెగలవాళ్లు, మెనోనైట్ రైతులు... వీళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. 19వ శతాబ్దం రెండో సగంలో చెరకు తోటల్లో పనికి తీసుకొచ్చిన భారతీయ కూలీల సంతతి ఇప్పటికీ ఉత్తరాన కొరొజాల్, దక్షిణాన టొలీడో జిల్లాల్లో ఉంది. కొరొజాల్‌లో కలకత్తా అనే ఊరే ఉంది! వంటలో పసుపు వాడకం మిగిలింది గానీ, మన భాషలేవీ వాళ్ల నోట మిగల్లేదు.

నడక, ట్యూబు, చీకటి

బస్సు దిగగానే హెల్మెట్, జాకెట్ ఇస్తారు. ఎవరి ట్యూబు వాళ్లే భుజాన వేసుకోవాలి. అక్కడి నుంచి ముప్పావుగంట దాకా అడవి బాట. ఆరంభంలోనే నది దాటాలి. నడుము దాకా నీళ్లు, అడుగున జారే గులకరాళ్లు, అటూ ఇటూ పట్టుకోవడానికి కట్టిన తాడు. చెప్పులతో వచ్చినవాళ్ల సంగతి ఇక్కడే తేలిపోతుంది.

బాట పొడవునా గైడు ఆగి ఆగి చూపిస్తాడు. ఆకు ముక్కలను నెత్తిన మోసుకుంటూ బారులు తీరిన చీమలు. నూనె గింజలిచ్చే కొహూన్ తాటి. ఒళ్లంతా ముళ్లున్న ‘గివ్ అండ్ టేక్’ చెట్టు. దాని ముల్లు గుచ్చుకుంటే రక్తం కారుతుంది. ఆ రక్తాన్ని ఆపే మందూ దాని మట్టల లోపలే ఉంటుంది. చెట్టుకి పెద్ద గడ్డలా అంటుకున్న చెదపుట్ట దగ్గర గైడు వేలు పెడతాడు. వేలి మీదికెక్కిన నాలుగు చెదల్ని నోట్లో వేసుకుని ‘క్యారట్ రుచి’ అంటాడు. ‘ఎవరన్నా చూస్తారా?’ అని చుట్టూ చూస్తాడు. పిల్లలు ముందుకొస్తారు, తల్లులు వెనక్కి లాగుతారు.

గుహ నోటి దగ్గరకు చేరాక ట్యూబుల మీద వెల్లకిలా కూర్చోబెడతారు. ఒకరి కాళ్లు ముందువాళ్ల చంకల కింద పెట్టించి, ఏడెనిమిది ట్యూబుల్ని ఒక గొలుసుగా చేస్తారు. గైడు మాత్రం ట్యూబు ఎక్కడు. నీళ్లలోనే ఈదుతూ, నడుస్తూ, మొదటి ట్యూబు తాడు పట్టుకుని లాగుతాడు. గోడ దగ్గరకు వస్తే పాదంతో తన్ని పక్కకు మళ్లిస్తాడు. అడుగున రాళ్లు పైకి తేలిన చోట ‘బట్స్ అప్!’ అని అరుస్తాడు. ఆ కేక వినగానే నడుము పైకెత్తాలి. ఎత్తనివాళ్లకు రాయే చెబుతుంది. మొదటిసారి అందరూ నవ్వుతారు, రెండోసారి అందరూ ఎత్తుతారు.

లోపలికి పోయేకొద్దీ నీళ్ల చప్పుడు మారిపోతుంది. బయట గలగల పారిన ఏరు ఇక్కడ నిలిచిన చెరువంత నిశ్శబ్దంగా ఉంటుంది. దీపం ఎటు తిప్పితే అటు ఒక బొమ్మ. తెల్లటి తెరల్లా దిగిన రాతి మడతలు, కప్పు నుంచి కారుతూ గట్టిపడిన సూదులు, నీళ్లు గింగిరాలు తిరిగి తొలిచిన గిన్నెల్లాంటి గుంటలు. ఒక చోట కప్పు కూలిపోయి పైనుంచి ఎండ నిట్టనిలువుగా దిగుతుంది, ఆ కంత అంచున వేళ్లు వేలాడుతుంటాయి. అక్కడి నుంచి మళ్లీ చీకట్లోకి.

మధ్యలో ఎక్కడో గైడు అందరి దీపాలూ ఆర్పించేస్తాడు. ఊళ్లో కరెంటు పోయినప్పటి చీకటి లాంటిది కాదు ఇది. అందులో కాసేపటికి కళ్లు అలవాటుపడి గోడో కిటికీయో తెలుస్తుంది. ఇక్కడ ఎంతసేపు చూసినా ఏమీ తెలియదు. కన్ను తెరిచినా మూసినా ఒకటే. ముందువాళ్ల చంకలో పెట్టిన కాలు తప్ప ఇంకెవరూ ఉన్నట్టుండదు. అరనిమిషం కాగానే ఎవరో ఒకరు దగ్గుతారు, ఇంకెవరో నవ్వుతారు. దీపాలు వెలుగుతాయి.

వాన తొలిచిన గుహ

ఈ కొండలన్నీ ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచటి ఆమ్లంగా మారుతుంది. సున్నపురాయి బీటల్లోకి దిగి కొద్దికొద్దిగా కరిగిస్తుంది. బీట సందవుతుంది, సందు సొరంగమవుతుంది, ఒక నాటికి నది తన దారినే అందులోకి మళ్లించుకుంటుంది. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను తొలిచిందీ భూగర్భంలో పారిన నీరే. అక్కడ నీరు పోయి దారి మిగిలింది. ఇక్కడ నీరింకా పని చేస్తూనే ఉంది.

కప్పు నుంచి రాలే ప్రతి చుక్కా కాస్త సున్నాన్ని వదిలి పోతుంది. కింద పడిన చోట అది పొర మీద పొరగా పైకి లేస్తుంది. ఈ పొరల్లో ఏయే కాలంలో ఎంత వాన పడిందో రాసిపెట్టి ఉంటుంది. దక్షిణ బెలీజ్‌లోని యోక్ బాలుమ్ గుహ నుంచి తీసిన అలాంటి ఒక రాతి స్తంభాన్ని పరీక్షించి, రెండు వేల ఏళ్ల వానల చరిత్రను శాస్త్రవేత్తలు 2012లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. క్రీ.శ. 440 నుంచి 660 వరకూ వానలు పుష్కలం. మాయా నగరాలు పెరిగింది అప్పుడే. 660 తర్వాత వానలు తగ్గుతూ వచ్చాయి. రాజ్యాలు ముక్కలయ్యాయి, యుద్ధాలు పెరిగాయి. 1020 నుంచి 1100 దాకా సుదీర్ఘమైన కరువు. పెద్ద పెద్ద నగరాలు అడవిలో కలిసిపోయిన కథ వెనక మిగతా కారణాలతో పాటు వాన లేకపోవడమూ ఉందని ఆ రాయి చెప్పింది.

యముడి వాకిలి

పురావస్తు శాఖకు ఇక్కడేం పని అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు తేలిక. మాయా జనానికి గుహ ఒక గుడి. షిబాల్బా అనే మృత్యులోకానికి అది వాకిలి. వాన దేవుడు చాక్ ఉండేదీ అక్కడేనని నమ్మేవారు. అందుకే మొక్కులన్నీ గుహల్లో తీర్చుకున్నారు. కుండల్లో ధాన్యం, జేడ్ పూసలు, ధూపం తెచ్చి పెట్టారు. కుండను వదిలి వెళ్లేముందు దానికి కావాలనే చిల్లు పెట్టేవారు. వానలు ముఖం చాటేసిన కాలంలో మొక్కులు ఇంకా లోపలికి, ఇంకా చీకట్లోకి వెళ్లాయి. కేవ్స్ బ్రాంచ్ గుహలున్న జిల్లాలోనే ఉన్న ఆక్టున్ తునిచిల్ ముక్నల్ గుహలో బలిచ్చిన మనుషుల ఎముకలు ఈనాటికీ అలాగే ఉన్నాయి. వాటిలో సున్నం పేరుకుని మెరిసే ఒక అస్థిపంజరాన్ని ‘క్రిస్టల్ మెయిడెన్’ అంటారు. 2012లో ఒక పర్యాటకుడి చేతిలోంచి కెమెరా జారి ఒక పుర్రె మీద పడి చిల్లు పడింది. అప్పటి నుంచి ఆ గుహలోకి కెమెరాలు నిషేధం. అది ట్యూబింగ్ గుహ కాదు, కానీ గైడు ‘గోడలు ముట్టుకోవద్దు’ అని ఎందుకంత గట్టిగా చెబుతాడో దీన్ని బట్టి అర్థమవుతుంది. చేతి జిడ్డు అంటితే రాయి పెరగడమూ ఆగిపోతుంది.

కిచే మాయా తెగవారి పురాణ గ్రంథం ‘పోపోల్ వుహ్’లో హునాహ్పూ, ష్బలాంకే అనే కవల వీరులు షిబాల్బాకు వెళ్తారు. మృత్యు దేవతలతో బంతాట ఆడాలి, ఒక్కో రాత్రి ఒక్కో ఇంట్లో గడపాలి. మొదటిదే చీకటిల్లు. ఒక దివిటీ, చెరో చుట్ట ఇచ్చి, రాత్రంతా వెలిగించాలి, తెల్లారేసరికి మాత్రం అరగకుండా తిరిగివ్వాలని షరతు. కవలలు చుట్టల చివర్న మిణుగురుల్ని అతికించి మృత్యు దేవతల్నే బురిడీ కొట్టిస్తారు. ఇంకో ఇంటి నిండా గబ్బిలాలు. హెల్మెట్ దీపంతో గబ్బిలాల కింద తేలుతున్నప్పుడు ఈ కథ తెలిసుంటే ఆ గుహ వేరుగా కనిపిస్తుంది. టూరు కరపత్రంలో ఇది ఒక్క వాక్యంలో ముగుస్తుంది. తెలిసిన గైడు దొరికితే తిరుగు ప్రయాణమంతా సాగుతుంది.

డబ్బు ఏ ఒడ్డుకి?

కరోనాకు ముందు బెలీజ్‌కు ఓడల్లో ఏటా పది లక్షల మందికి పైగా వచ్చేవారు. దేశ జనాభాకు అది రెట్టింపు కంటే ఎక్కువ. విమానంలో వచ్చి రాత్రులు గడిపేవాళ్ల సంఖ్య అందులో సగానికి తక్కువే. కానీ ఖర్చు పెట్టేది వాళ్లే. హోటలు, భోజనం, పడవ, టాక్సీ అన్నీ వాళ్ల డబ్బుతోనే నడుస్తాయి. ఓడలో వచ్చినవాళ్లు తిండీ నిద్రా ఓడలోనే కానిచ్చుకుని, ఒడ్డున టూరు డబ్బులో కొంత, ఓ టీ షర్టు, ఓ బీరు సొమ్ము వదిలి వెళ్తారు. నాలుగైదు ఓడలు ఒకే రోజు వస్తే గుహ నోటి దగ్గర ట్యూబులు బారులు తీరతాయి. ఓడ రాని రోజున అదే ఏటిలో పక్షి కూత వినపడుతుంది.

అలాగని ఓడల రాకను తీసిపారేయలేం. బెలీజ్‌లో గైడుగా పనిచేయాలంటే శిక్షణ తీసుకుని పర్యాటక బోర్డు లైసెన్సు పొందాల్సిందే. ట్యూబుల గొలుసు లాగే కుర్రాళ్లకు అది చేతిలో ఉన్న వృత్తి. చరిత్ర, చెట్లు, ప్రథమ చికిత్స అన్నీ తెలిసి ఉండాలి. రోజంతా చల్లటి నీళ్లలో నానేది వాళ్లే. టూరు అయ్యాక చేతికిచ్చే టిప్పు ఏ వాటాల్లోకీ పోకుండా నేరుగా వాళ్లకు చేరుతుంది.

నది కాదంటే కాదనే

జూన్ నుంచి నవంబరు వరకూ అక్కడ వానలు, తుపాన్లు. ఎగువన గట్టి వాన కురిస్తే కేవ్స్ బ్రాంచ్ గంటల్లో పొంగి గోధుమ రంగుకు తిరుగుతుంది. గుహలో కప్పుకీ నీటికీ మధ్య జాగా తగ్గిపోతుంది. అప్పుడు మూసేస్తారు, ఎవరు ఎంత బతిమాలినా లాభం లేదు. ఫిబ్రవరి నుంచి మే వరకూ నీరు తేటగా, నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. కాకపోతే నీరు తగ్గి ‘బట్స్ అప్’ కేకలు పెరుగుతాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే టెండర్లు నడవవు, ఓడ బెలీజ్‌లో ఆగకుండానే పోతుంది. ఇలా రద్దయితే ఓడ టూరు డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. బయట కొన్నవాళ్లు ముందే షరతులు అడిగి పెట్టుకోవాలి.

లైఫ్ జాకెట్ అంటే మనలో చాలామందికి అలుసు. ఉక్క పోస్తోందని విప్పేస్తాం, ఫొటో బాగా రాదని పట్టీ వదులు చేస్తాం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగాకైనా ఆ అలుసు పోవాలి. బెలీజ్ గైడు పట్టీలు తానే లాగి చూసిగానీ నీళ్లలోకి దింపడు. చుట్టానికి మర్యాద చేస్తున్నట్టు నిలబడి లాగించుకోండి.

వెళ్లేముందు...

• కనీస ఎత్తు, నడుము కొలత, ఆరోగ్య షరతులు ఒక్కో ఓడకు ఒక్కో రకం. గర్భిణులు, గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవాళ్లు మానుకోవాలి. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఈత కాదు, రాళ్ల బాటలో ముప్పావుగంట నడవగలరా అన్నది చూసుకోండి.

• పాదానికి పట్టి ఉండే నీటి బూట్లు, త్వరగా ఆరే బట్టలు, మార్చుకోవడానికి ఒక జత. చీర, చున్నీ వద్దు. నల్లపూసలు, గాజులు, ఉంగరాలు ఓడ గదిలోని లాకరులో పెట్టేయండి. కళ్లద్దాలకు తాడు కట్టుకోండి.

• భోజనం అంటే కొబ్బరిపాలతో వండిన అన్నం–బీన్స్, చికెన్ కూర, వేయించిన అరటి. పక్కన ‘మేరీ షార్ప్స్’ హాబనెరో మిరప సాస్ ఉంటుంది, కారం మనకు సరిపోతుంది. శాకాహారులు మాత్రం అన్నంలో మాంసం కలిసిందేమో అడగాలి. బీన్స్‌లో పంది తోక వేసి వండే అలవాటు అక్కడుంది.

• రెండు బెలీజ్ డాలర్లు ఒక అమెరికా డాలరుకు సమానం. ధర చెబితే ‘ఏ డాలరు?’ అని అడగండి. అమెరికా డాలర్లు ఎక్కడైనా తీసుకుంటారు, చిల్లర నోట్లు ఉంచుకోండి.

• ఓడ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు లేకుండా దిగొద్దు.

• అమెరికా చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రుల వీసా ఒకటికి మించి సార్లు ప్రవేశించేదై ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోతే, కెనడా, మెక్సికోలకు నెలలోపు వెళ్లొచ్చేవారికి ఉండే వెసులుబాటు బెలీజ్‌కు వర్తించదు. టికెట్ కొనేముందే ఓడ సంస్థనూ, లాయర్‌నూ అడిగి తేల్చుకోండి.

ఇంతకీ వెళ్లొచ్చా?

నిస్సందేహంగా. అయితే తొలిసారి క్రూయిజ్ ఎక్కినవాళ్లు, పిల్లలూ పెద్దలూ వెంట ఉన్నవాళ్లు ఓడ టూరే తీసుకోవడం మేలు. టెండర్ దూరం, గంటకు పైగా బస్సు, మళ్లీ టెండర్... ఇన్ని లంకెలున్న రేవులో ఎక్కువ ధరకు అర్థం ఉంది. నలుగురైదుగురు దిట్టంగా ఉండి, ఓడ ఎక్కువసేపు ఆగే రోజైతే స్థానిక సంస్థను నేరుగా పట్టుకోండి. కనీసం రెండు గంటలు చేతిలో ఉంచుకుని తిరిగొచ్చేలా మాట్లాడుకోండి. ఆ దేశం నచ్చితే మరోసారి విమానంలో వెళ్లి నాలుగు రోజులుండండి. ఎలా వెళ్లినా రెండు మాటలు మరవొద్దు: ఆ గుహ ఒకరి గుడి, గోడ మీద చెయ్యి వేయకండి. గొలుసు లాగిన కుర్రాడికి టిప్పు ఇవ్వకుండా బస్సెక్కకండి.